కోచ్‌ని 18 నిమిషాల్లో పీకేసిన ఓనర్: ఈ మరినాకిస్ ఎవరు, క్లబ్బులు ఎలా నడుపుతాడు?

ట్రెంట్_నాని
నేనుండేది ఇంగ్లండ్‌లో, నాటింగ్‌హామ్. మనవాళ్లకి ఈ ఊరి పేరు చెప్పగానే ట్రెంట్ బ్రిడ్జ్ క్రికెట్ గ్రౌండ్ గుర్తొస్తుంది కానీ, దానికి కూతవేటు దూరంలో నది ఒడ్డునే నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఫుట్‌బాల్ క్లబ్ వాళ్ల సిటీ గ్రౌండ్ ఉంది. శనివారం వచ్చిందంటే ఊళ్లో మాటలన్నీ దాని గురించే.

2025 అక్టోబర్ 18న ఫారెస్ట్ సొంత గడ్డ మీద చెల్సీ చేతిలో 3-0తో ఓడింది. మ్యాచ్ అయిన 18 నిమిషాలకి కోచ్ ఆంజ్ పోస్టెకోగ్లూని తీసేశామని ప్రకటన వచ్చేసింది. జనం ఇంకా స్టేడియం మెట్లు దిగుతూనే ఉన్నారు. ఆయన వచ్చి 39 రోజులు, 8 మ్యాచ్‌లు, ఒక్కటీ గెలవలేదు, నిజమే. కానీ ఆయన్ని తెచ్చింది ఎవరి స్థానంలో? అంతకుముందు సీజన్‌లో టీముని 7వ స్థానంలో నిలబెట్టి, దాదాపు 30 ఏళ్ల తర్వాత యూరప్ పోటీలకి చేర్చిన నూనో ఎస్పిరిటో సాంటో స్థానంలో!

ఓనర్ ఎవాంగెలోస్ మరినాకిస్. గ్రీకు ఓడల వ్యాపారి, గ్రీస్‌లో ఒలింపియాకోస్ కూడా ఆయనదే. ఇక్కడ పబ్‌లో ఒకాయన అతన్ని దేవుడంటాడు, అదే బల్ల దగ్గర కూర్చున్న ఇంకొకాయన నోటికొచ్చినట్టు తిడతాడు. ఇలాంటి మనిషి రోజు ఎలా గడుస్తుంది, ఇంత వేలు పెట్టడం వల్ల టీముకి మేలా కీడా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

బాల్‌పిచ్చోడు_హైద్
నాని బ్రో, మంచి టాపిక్ ఎత్తావు. ముందు వివరాలు వేస్తా, తర్వాత కొట్టుకుందాం.

1967లో పిరేయస్‌లో పుట్టాడు. పిరేయస్ అంటే ఏథెన్స్‌ని ఆనుకుని ఉన్న రేవు పట్నం. నాన్న మిల్టియాడిస్ కూడా ఓడల యజమానే, న్యూ డెమోక్రసీ పార్టీ తరఫున ఎంపీగా చేశాడు. కొడుకు లండన్‌లో చదువుకుని వచ్చి వ్యాపారం అందుకుని క్యాపిటల్ మారిటైమ్‌ని పెద్దది చేశాడు. 2010లో ఒలింపియాకోస్‌ని సోక్రటీస్ కొక్కాలిస్ దగ్గర కొన్నాడు. కొక్కాలిస్‌ది టెలికాం వ్యాపారం, ఆయన హయాంలో ఒకసారి వరసగా 7 లీగ్ టైటిళ్లు (1997 నుంచి 2003) వచ్చాయి. మరినాకిస్ వచ్చాక 2011 నుంచి 2017 దాకా మళ్లీ వరసగా 7. అంటే కొన్నది మునిగిపోతున్న క్లబ్బుని కాదు, అప్పటికే దేశాన్ని ఏలుతున్న క్లబ్బుని. ఫారెస్ట్ కథ వేరు. 2017 మేలో కొన్నప్పుడు ఆ క్లబ్ ఇంగ్లండ్ మూడో డివిజన్‌కి పడిపోవాల్సింది, చివరి రోజున గోల్స్ తేడా వల్ల బతికి బయటపడింది. 1979, 1980ల్లో బ్రయాన్ క్లఫ్ కోచ్‌గా రెండుసార్లు యూరోపియన్ కప్ గెలిచిన క్లబ్బుకి ఆ గతి పట్టింది.

2022 మే 29న వెంబ్లీలో హడర్స్‌ఫీల్డ్‌ని 1-0తో ఓడించి 23 ఏళ్ల తర్వాత ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చారు. రెండేళ్లకి, సరిగ్గా అదే తేదీన, 2024 మే 29న ఒలింపియాకోస్ కాన్ఫరెన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల మూడో స్థాయి పోటీ) గెలిచింది. గ్రీస్ చరిత్రలో ఒక ఫుట్‌బాల్ క్లబ్ యూరప్ కప్ ఎత్తడం అదే మొదటిసారి. ఒకే ఓనర్, ఒకే తేదీ. జాతకాలు నమ్మేవాళ్లు చూసుకోండి 😄

కొత్తోడు_77
డబ్బున్నోడు క్లబ్ కొన్నాడు, గెలిచాడు. దీనికి ఇన్ని పేరాలా?

విశాఖ_సెకండ్‌మేట్
కొత్తోడు గారూ, డబ్బుంటే గెలుపు వస్తుందనుకుంటే ఫారెస్ట్ 2017లో కొన్నాక రెండో డివిజన్ నుంచి పైకి రావడానికి ఐదేళ్లు ఎందుకు పట్టింది మరి.

నేను మర్చంట్ నేవీ. గ్రీకు యజమానుల ఓడల్లో కాంట్రాక్టులు చేశాను (మరినాకిస్ కంపెనీలో కాదు). మన వైజాగ్ కుర్రాళ్లలో గ్రీకు ఓడ ఎక్కినవాళ్లు చాలామందే ఉంటారు, వాళ్లకి ఈ ఓనర్ల పద్ధతి తెలుసు. ప్రపంచ వాణిజ్య నౌకల మోసే సామర్థ్యంలో దాదాపు ఐదో వంతు గ్రీకుల చేతుల్లోనే ఉంది, అందులో చాలా భాగం కుటుంబ కంపెనీలే. ఓడలో రోజూ మధ్యాహ్నం నూన్ రిపోర్ట్ పంపాలి, ఎక్కడున్నాం, ఎంత దూరం వచ్చాం, ఎంత ఆయిల్ కాలింది అని. వేరే కంపెనీల్లో అది ఏదో డిపార్ట్‌మెంటుకి పోయి ఫైల్లో పడుతుంది. నేను చేసిన ఒక ఓడలో ఆయిల్ మామూలు కన్నా కొంచెం ఎక్కువ కాలిందని పిరేయస్ నుంచి ఓనరే స్వయంగా సాటిలైట్ ఫోన్‌లో కెప్టెన్‌ని పట్టుకున్నాడు. అలల ఎత్తెంత, ప్రొపెల్లర్ ఎప్పుడు శుభ్రం చేశారు, ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం మీద పోతోంది, అన్నీ అడిగాడు. ఆ రోజు మా కెప్టెన్ అన్నం తినలేదు.

అలా అలవాటైన మనిషికి ఫుట్‌బాల్ క్లబ్ ఇస్తే ఏం చేస్తాడు? 90 నిమిషాలు కూర్చుని చప్పట్లు కొట్టి ఇంటికి పోడు.

ఇంకోటి. ఓడల వ్యాపారంలో లాభం సరుకు మోయడంలో కన్నా ఓడ కొనడం అమ్మడంలోనే ఎక్కువ. రేట్లు పడిపోయి అందరూ భయపడి అమ్ముకుంటున్నప్పుడు కొనాలి, రేట్లు ఎగిసినప్పుడు అమ్మేయాలి. ఆ నిర్ణయం కమిటీ వేసి తీసుకునేది కాదు, ఒక్క ఫోన్ కాల్‌లో తేలాలి. ఆగితే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. ఆటగాళ్లని కొనే తీరు, కోచ్‌ని మార్చే తీరు చూడండి, అదే చెయ్యి కనపడుతుంది.

లెక్కల_మాస్టారు
సెకండ్‌మేట్ గారు చెప్పిందాంట్లో ఒక చిక్కుంది. ఓడల్లో ఎంత నష్టమైనా మీ ఇష్టం, ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో నష్టానికి కూడా పరిమితి ఉంది. ఫారెస్ట్‌కి అదే తగిలింది.

వృత్తిరీత్యా లెక్కలు చూసేవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, విసుగైతే దాటేయండి. అప్పటి రూల్ ప్రకారం ప్రీమియర్ లీగ్‌లో ఒక క్లబ్ మూడేళ్లలో మొత్తం 10.5 కోట్ల పౌండ్ల వరకు నష్టం చూపించే వీలుండేది, అంటే ఏడాదికి 3.5 కోట్లు. కింది డివిజన్‌లో గడిపిన ఏడాదికి మాత్రం 1.3 కోట్లే లెక్క. ఫారెస్ట్ ఆ మూడేళ్లలో రెండేళ్లు కిందే ఉంది. 1.3, 1.3, 3.5 కలిపితే 6.1 కోట్లు, అదీ వాళ్ల హద్దు. పైకి వచ్చిన వేసవిలోనే 20 మందికి పైగా ఆటగాళ్లని తెచ్చుకున్నారు, హద్దుని 3.45 కోట్ల పౌండ్ల మేర దాటేశారు. 2024 మార్చిలో 4 పాయింట్లు కోత పడింది.

ఇందులో నాకు ఆసక్తిగా అనిపించేది బ్రెనన్ జాన్సన్ సంగతి. లెక్కల సంవత్సరం జూన్ 30కి ముగుస్తుంది. ఆ లోపల జాన్సన్‌ని అమ్మితే ఆ డబ్బు పడి గండం గట్టెక్కేది, కానీ వచ్చిన బేరం నచ్చక ఆగారు, 2023 సెప్టెంబర్ 1న టోటెన్‌హామ్‌కి 4.75 కోట్ల పౌండ్లకి అమ్మారు. వ్యాపారి బుద్ధితో చూస్తే సరైన పనే, రెండు నెలలు ఆగితే ఎక్కువ వచ్చింది కదా అని వాదించారు కూడా. విచారణ చేసిన కమిషన్ ఒప్పుకోలేదు. ఓడకి ఇలాంటి జూన్ 30 ఉండదు సార్.

ట్రెంట్_నాని
మాస్టారూ, ఆ 4 పాయింట్లు పోయిన రోజులు నాకు బాగా గుర్తు. పడిపోతారేమోనని మా ఆఫీసులో ఒకాయన క్యాలిక్యులేటర్ పట్టుకుని తిరిగేవాడు. అయినా నిలబడ్డారు. ఆ సీజన్ మధ్యలో, 2023 డిసెంబర్‌లో, స్టీవ్ కూపర్‌ని తీసేశారు. కూపర్ అంటే ఇక్కడ ప్రాణం పెడతారు. 7 మ్యాచ్‌లకి 1 పాయింటుతో సీజన్ మొదలెట్టిన టీముని 2021 సెప్టెంబర్‌లో తీసుకుని అదే సీజన్లో వెంబ్లీ దాకా లాక్కొచ్చాడు. అలాంటి మనిషిని తీసేస్తే జనం ఊరుకోరనుకున్నా. కొన్నాళ్లు బాధపడ్డారు, ఆయన స్థానంలో వచ్చిన నూనో గెలవడం మొదలెట్టగానే సర్దుకున్నారు. ఓనర్ ధైర్యం బహుశా ఇదే, గెలుపు అన్నీ మరిపిస్తుందని.

పిరేయస్_కోడలు
ఈ టాపిక్ చూసి చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యాను. మాది రాజమండ్రి, పెళ్లయ్యాక ఏథెన్స్‌లో స్థిరపడ్డాను, అత్తవారిల్లు పిరేయస్‌లో. మా మామగారి ముందు ఒలింపియాకోస్‌ని ఏమైనా అంటే ఆ పూట ఇంట్లో మాటలుండవు.

మీరంతా లెక్కలు, కోచ్‌లు మాట్లాడుతున్నారు. ఇక్కడ ఓనర్ అంటే అది కాదు. 1925లో రేవు కూలీలు, చిన్న దుకాణదారులు, ఆసియా మైనర్ నుంచి ఇళ్లు వదిలి వచ్చిన శరణార్థులు ఉన్న ఊళ్లో పుట్టిన క్లబ్ ఇది. ఏథెన్స్ నడిబొడ్డు క్లబ్ పనథినైకోస్ ఆకుపచ్చ, మాది ఎరుపు తెలుపు. 1981 ఫిబ్రవరి 8న ఏథెన్స్‌లోని ఇంకో క్లబ్ ఏఈకే మీద 6-0తో గెలిచిన సంబరంలో జనం 7వ గేటు వైపు పరిగెత్తి మెట్ల మీద తొక్కిసలాటలో 21 మంది చనిపోయారు. ఇప్పటికీ ఏటా ఆ రోజు స్టేడియం దగ్గర ఆ 21 పేర్లూ చదువుతారు. మామగారి చిన్నప్పటి స్నేహితుడు ఆ రోజు అక్కడే ఉన్నాడు, బతికాడు, మళ్లీ ఎప్పుడూ ఆ గేటు వైపు వెళ్లలేదట.

అలాంటి ఊళ్లో క్లబ్ కొన్నవాడిని లాభమెంత అని ఎవరూ అడగరు. మన ఊళ్లో మోతుబరి గుడి కట్టిస్తే హుండీలో ఎంత వచ్చిందని చూసుకోడు కదా, ఉత్సవం రోజు మొదటి హారతి ఎవరికన్నదే లెక్క. మరినాకిస్ 2014లో పిరేయస్ మునిసిపల్ కౌన్సిల్‌కి పోటీ చేసి గెలిచాడు, ఆ ఎన్నికల ప్యానెల్ తరఫునే క్లబ్బులో పెద్ద హోదాలో ఉన్న యానిస్ మోరాలిస్ మేయర్ అయ్యాడు. 2017లో తా నేయా, తో విమా పత్రికలు కొన్నాడు, తర్వాత టీవీ ఛానెల్ మెగా కూడా. అంటే పొద్దున పేపర్, సాయంత్రం టీవీ, ఆదివారం మ్యాచ్, అన్నిటి వెనకా ఒకే ఇల్లు. మధ్యలో పాటలు కూడా రాస్తాడు, నవ్వకండి, నిజంగానే.

మామగారి మాట ఒకటి చెప్తా. "మంచివాడా చెడ్డవాడా అని నేను చూడను, ఓడిన రాత్రి వాడికి నిద్ర పడుతుందా లేదా అదొక్కటే చూస్తాను" అంటారు.

కొత్తోడు_77
పేపర్లు, టీవీ, మేయర్, క్లబ్బు అన్నీ ఒకడి చేతిలో ఉంటే అది ప్రేమా, పవరా అక్కా? కేసులు కూడా ఉన్నాయి కదా.

పిరేయస్_కోడలు
రెండూ, తమ్ముడూ. ఇక్కడ ఎవరూ దాన్ని దాచరు కూడా.

మోడరేటర్
కేసుల గురించి కోర్టు తేల్చిందే రాయండి, వాట్సాప్‌లో వచ్చినవి వద్దు. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణల మీద 2015లో కదిలిన వ్యవహారంలో 2021లో ఏథెన్స్ కోర్టు అతన్నీ మిగతా నిందితులనూ నిర్దోషులని వదిలేసింది. ఇక ఆటలోకి రండి.

బాల్‌పిచ్చోడు_హైద్
సరే, ఆటలోకి. నా వాదన ఇది. మరినాకిస్ వేలు పెట్టడం వల్ల చెడిందే ఎక్కువ, గెలిచినవన్నీ వేలు తీసినప్పుడే.

2013 జనవరిలో లియోనార్డో జార్డిమ్‌ని తీసేశాడు. అప్పుడు ఒలింపియాకోస్ లీగ్‌లో ఒక్క ఓటమీ లేకుండా 10 పాయింట్లు ముందుంది! అదే జార్డిమ్ తర్వాత మొనాకో వెళ్లి 2017లో పారిస్ క్లబ్ పీఎస్‌జీ ముక్కు కింద ఫ్రెంచ్ లీగ్ గెలిచాడు. 2017 మార్చిలో పాలో బెంటోని తీసేశాడు, అప్పుడూ టీము పట్టికలో మొదటి స్థానమే. 2018 ఏప్రిల్‌లో లెవడియాకోస్‌తో డ్రా అయ్యాక ఆటగాళ్లందరికీ కలిపి 4 లక్షల యూరోల జరిమానా వేసి, ఇక మీరు సెలవు మీద పోండి, మిగతా మ్యాచ్‌లు కుర్రాళ్లతో ఆడిస్తాం అన్నాడు. సీజన్ మధ్యలో బలవంతపు సెలవు, ఎక్కడైనా విన్నారా?

ఇప్పుడు రెండో వైపు చూడండి. పెడ్రో మార్టిన్స్‌ని 2018 నుంచి 2022 దాకా ఉంచాడు, 2020, 2021, 2022 మూడు టైటిళ్లు వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో ఆర్సెనల్‌ని వాళ్ల గడ్డ మీదే ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో ఇంటికి పంపింది ఆ టీమే. 2022 జులై చివర్లో మకాబి హైఫా మీద 4-0తో ఓడిన కొద్ది రోజులకే మార్టిన్స్‌ని తీసేశాడు. తర్వాత ఏమైంది? ఒకే సీజన్లో కోచ్ మీద కోచ్, పేరు కోసం హామెస్ రోడ్రిగెస్, మార్సెలో, ఇద్దరూ సీజన్ పూర్తికాకుండానే వెళ్లిపోయారు. టైటిల్ పోయింది.

విశాఖ_సెకండ్‌మేట్
బాల్‌పిచ్చోడు తమ్ముడూ, నీ లెక్కలోనే తిరకాసు ఉంది. 2023-24 సీజన్ చూడు. డియేగో మార్టినెజ్‌తో మొదలుపెట్టి, కార్లోస్ కార్వల్యాల్‌ని తెచ్చి, ఆయన్నీ తీసేసి, ఫిబ్రవరిలో మెండిలిబార్‌ని తెచ్చాడు. ఒకే సీజన్లో మూడో కోచ్. ఆ మూడో ఆయనే కాన్ఫరెన్స్ లీగ్ కప్పు తెచ్చాడు. నీ సూత్రం ప్రకారం అది జరగకూడదు. మూడుసార్లు మార్చి మూడోసారి సరైన మనిషిని పట్టాడంటే అది కూడా ఓనర్ పనితనమే కదా. మెండిలిబార్ ఎవరు, అంతకుముందు ఏడాదే సెవియాకి యూరోపా లీగ్ గెలిపించి కూడా అక్టోబర్‌కి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. మార్కెట్‌లో ధర పడిపోయిన మంచి ఓడ అనుకో.

పిరేయస్_కోడలు
ఆ సీజన్ గురించి నేను చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో ఉండి అనుభవించాను. మార్చిలో మకాబి టెల్ అవివ్ మీద ఇక్కడ మా స్టేడియం కరైస్కాకిస్‌లో 4-1తో ఓడారు. మామగారు టీవీ కట్టేసి, రేపట్నించి ఈ ఇంట్లో ఫుట్‌బాల్ మాట వద్దన్నారు. వారం తర్వాత సెర్బియాలో జరిగిన రెండో మ్యాచ్‌లో 6-1! తర్వాత ఫెనర్‌బాచె మీద పెనాల్టీల్లో గట్టెక్కారు. సెమీస్‌లో ఆస్టన్ విల్లా మీద బర్మింగ్‌హామ్‌లో 4-2, ఇక్కడ 2-0, ఆ ఆరు గోల్స్‌లో ఐదు మా ఫార్వర్డ్ ఎల్ కాబీవే.

ఫైనల్ ఎక్కడో తెలుసా, శత్రువు ఇంట్లో, నేయా ఫిలడెల్ఫియాలో ఏఈకే కొత్త స్టేడియంలో. ఫియోరెంటినాతో 0-0గా సాగి సాగి ఎక్స్‌ట్రా టైమ్‌లోకి పోయింది. 116వ నిమిషంలో ఎల్ కాబీ తలతో వేశాడు. వేశాక వీఏఆర్ (గోల్ సరైనదేనా అని వీడియోలో సరిచూడటం) చూడ్డానికి పట్టిన సేపు మా వీధిలో ఒక్క బాల్కనీలో కూడా చప్పుడు లేదు, మామగారు చెంచా పట్టుకుని నిలబడిపోయారు, ఆయన చేతిలో చెంచా ఎందుకుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. గోల్ ఇచ్చారు. ఆ తర్వాత తెల్లవార్లూ రేవులో ఓడలు హారన్లు కొట్టాయి.

అంతకు నెల ముందే, ఏప్రిల్‌లో, అండర్-19 కుర్రాళ్లు మిలాన్‌ని 3-0తో ఓడించి యూత్ లీగ్ గెలిచారు. దాని గురించి ఎవరూ రాయలేదేం? కుర్రాళ్ల మీద ఏళ్ల తరబడి ఖర్చు పెట్టడం ఒక్క ఫోన్ కాల్‌తో అయ్యే పని కాదు. అతనికి ఓపిక లేదని అనేవాళ్లు ఇది కూడా చూడాలి. పెద్ద టీము కోచ్ దగ్గరే లేదు ఆ ఓపిక, మిగతా చోట్ల ఉంది. 2024-25లో మెండిలిబార్‌నే ఉంచి లీగూ కప్పూ రెండూ గెలిచారు కూడా.

బాల్‌పిచ్చోడు_హైద్
ఉంచాడు కాబట్టే గెలిచారు అంటున్నా నేను కూడా. అదే కదా నా పాయింట్ 😀

లెక్కల_మాస్టారు
ఇద్దరూ ఒకే లెక్కని రెండు వైపుల నుంచి కూడుతున్నారు.

అసలు గ్రీస్ ఓనర్లందరూ ఇంతేనా, ఇతనొక్కడే ఇలాగా?

పిరేయస్_కోడలు
మాస్టారూ, మిగతావాళ్లని చూస్తే ఇతను నెమ్మదస్తుడే అనిపిస్తాడు. ముందు ఒక విషయం, ఇక్కడ ఒకే పేరుతో ఉన్న ఫుట్‌బాల్ కంపెనీ వేరు, బాస్కెట్‌బాల్ కంపెనీ వేరు. ఒలింపియాకోస్ ఫుట్‌బాల్ మరినాకిస్‌ది, బాస్కెట్‌బాల్ ఆంగెలోపులోస్ అన్నదమ్ములది. పనథినైకోస్ ఫుట్‌బాల్ అలఫూజోస్‌ది, బాస్కెట్‌బాల్ మందుల కంపెనీ నడిపే యానకోపులోస్ కుటుంబానిది.

సలోనికాలో పావోక్ ఓనర్ ఇవాన్ సవ్విడిస్ 2018 మార్చిలో ఏఈకేతో మ్యాచ్‌లో గోల్ ఒప్పుకోలేదని నడుముకి తుపాకీ పెట్టుకుని గ్రౌండ్‌లోకి దిగాడు. ప్రభుత్వం లీగ్ ఆపేసింది, అతన్ని మూడేళ్లు స్టేడియంలోకి రానివ్వలేదు. ఆ మరుసటి సీజన్లో పావోక్ ఒక్క మ్యాచ్ ఓడకుండా టైటిల్ కొట్టింది, ఏమంటారు మరి.

పనథినైకోస్ బాస్కెట్‌బాల్ ఓనర్ దిమిత్రిస్ యానకోపులోస్ 2017లో ఇస్తాంబుల్‌లో ఫెనర్‌బాచె చేతిలో సిరీస్ ఓడాక, విమానం వద్దు, బస్సులో రండి అని ఆటగాళ్లకి హుకుం జారీ చేశాడు. ఇస్తాంబుల్ నుంచి ఏథెన్స్‌కి బస్సు! కొందరు సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని విమానం ఎక్కారు. 2020లో విసుగొచ్చి క్లబ్ అమ్మకానికి పెట్టాడు. 2023లో మళ్లీ పట్టు బిగించి కోచ్ ఎర్గిన్ అటమాన్‌ని తెచ్చాడు, మా వాళ్ల దగ్గర్నుంచే కోస్తాస్ స్లూకాస్‌ని ఎగరేసుకుపోయాడు, 2024 మే 26న బెర్లిన్‌లో రియల్ మాడ్రిడ్‌ని 95-80తో ఓడించి ఏడో యూరోలీగ్ ఎత్తాడు. మా ఇంట్లో మూడు రోజులు శోకం, 29న మాది గెలిచేదాకా.

ఆంగెలోపులోస్ అన్నదమ్ములు పైకి చాలా మర్యాదస్తులు. 2011లో ఖర్చు బాగా తగ్గించుకుని చిన్న టీముతో 2012లో ఇస్తాంబుల్ ఫైనల్లో సీఎస్‌కేఏ మాస్కోని, 19 పాయింట్లు వెనకబడి కూడా, చివరి క్షణంలో ప్రింటెజిస్ వేసిన బంతితో 62-61తో ఓడించారు. మళ్లీ 2013లో గెలిచారు. ఆ మర్యాదస్తులే 2019 ఫిబ్రవరిలో పనథినైకోస్‌తో కప్ సెమీఫైనల్లో రిఫరీలు అన్యాయం చేస్తున్నారని హాఫ్‌టైమ్ తర్వాత టీముని బయటికి రానివ్వలేదు. ఆ పంతం అక్కడితో ఆగలేదు, చివరికి టీము గ్రీక్ లీగ్‌లో రెండో డివిజన్‌కి పడింది. యూరప్‌లో పెద్ద క్లబ్బులతో ఆడుతూ ఇంట్లో రెండో డివిజన్! అయినా క్లబ్ అమ్మలేదు, అభిమానులు వదల్లేదు.

కొత్తోడు_77
అక్కా ఇది ఆటా, ఫ్యాక్షనా 🤦

బాల్‌పిచ్చోడు_హైద్
కొత్తోడా, నవ్వుతున్నావు కానీ మన సంగతి చూడు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో కొట్టి ఐఎస్‌ఎల్ గెలిచింది. ఆ తర్వాత ఏడాది తిరిగేసరికి జీతాల గొడవలు, ఫిఫా బదిలీ నిషేధం, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం, చేతులు మారడం, చివరికి 2025లో క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది. గచ్చిబౌలిలో డ్రమ్ములు కొట్టిన మా బ్యాచ్‌కి ఇప్పుడు టీమే లేదు. కోచ్‌ని 18 నిమిషాల్లో తీసేసే ఓనర్ మీద కోపం రావాల్సిందే, కానీ ఓడితే నిద్ర పట్టని ఓనర్ ఉండటం ఏమిటో మాకు బాగా తెలుస్తుంది. కోడలు గారి మామగారి మాటకి నా ఓటు.

ట్రెంట్_నాని
నాకు మాత్రం ఆ 2025 మే 11 మర్చిపోవడం కష్టంగా ఉంది. లెస్టర్‌తో 2-2 డ్రా. మ్యాచ్ అవ్వగానే మరినాకిస్ స్టాండ్స్‌లోంచి దిగి గ్రౌండ్‌లోకి నడిచొచ్చి అందరి ముందూ నూనోతో మాట్లాడాడు, చేతులు ఊపుతూ. గెలిస్తే ఛాంపియన్స్ లీగ్ ఆశ గట్టిగా ఉండేది కాబట్టి డ్రా మీద కోపం అని టీవీలో చీల్చి చెండాడారు. క్లబ్ ఏమందంటే, గోల్‌పోస్టుకి గుద్దుకున్న ఫారెస్ట్ ఆటగాడు అవొనియీని గాయంతోనే మళ్లీ ఆడించారని ఆయన బాధ అని. అవొనియీకి కడుపులో తీవ్రమైన గాయమని తేలింది, ఆపరేషన్ చేసి కోమాలో ఉంచాల్సి వచ్చింది. అంటే కోపానికి కారణం ఉంది. కానీ కారణం ఉన్నా ఆ మాట గదిలో మాట్లాడుకోవచ్చు కదా? అంతకుముందే 2024లో ఫుల్హామ్ మ్యాచ్ తర్వాత రిఫరీలు వెళ్తున్న దారిలో నేల మీద ఉమ్మినందుకు 5 మ్యాచ్‌ల నిషేధం పడింది ఆయనకి.

నూనోకి, ఓనర్‌కి మధ్య దూరం ఆ వేసవిలో బయటపడింది, సెప్టెంబర్‌లో తెగిపోయింది.

విశాఖ_సెకండ్‌మేట్
నాని, గదిలో మాట్లాడితే ఊరికి కనపడదు. వాళ్లకి కనపడాలి. మొదటి హారతి గదిలో ఇవ్వరు కదా.

అదే ఏడాది ఇంకోటి జరిగింది, అది ఇంకా ఆసక్తికరం. ఫారెస్ట్, ఒలింపియాకోస్ రెండూ ఛాంపియన్స్ లీగ్‌కి వచ్చేలా కనిపించాయి. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఫా నిబంధన ప్రకారం ఒకే మనిషి చేతిలో ఉన్న రెండు క్లబ్బులు ఒకే పోటీలో ఆడకూడదు. మరినాకిస్ ముందుజాగ్రత్తగా ఏప్రిల్‌లోనే ఫారెస్ట్ మీద తన అధికారాన్ని ట్రస్టుకి బదలాయించాడు. చివరికి ఫారెస్ట్ 7వ స్థానంలో ఆగింది కాబట్టి ఆ గొడవ రాలేదు. ఆ గడువు కూడా ఒక జూన్ 30 లాంటిదే మాస్టారూ, ఈసారి ముందే చూసుకున్నాడు. ఆ జాగ్రత్త తీసుకోని క్రిస్టల్ ప్యాలెస్‌ని యూరోపా లీగ్ నుంచి కిందికి దించి ఆ చోటు ఎవరికిచ్చారు? ఫారెస్ట్‌కే.

లెక్కల_మాస్టారు
ఒప్పుకుంటున్నాను. కాగితం పని బాగా చేశాడు. నా లెక్కలో మాత్రం పద్దు ఇంకా తేలలేదు. 2017 నుంచి ఆ క్లబ్బులో పోసింది, ఇప్పుడు దాని విలువ పక్కపక్కన పెడితే ప్రీమియర్ లీగ్‌లో ఉన్నంతకాలం లాభమే. పడిపోయిన రోజు అదే నష్టం. కోచ్ జీతాల పరిహారాలు దాని ముందు చిల్లర. అందుకే పడిపోతామేమోనన్న వాసన తగిలితే చాలు తీసేస్తాడు, అది కోపం కాదు, భయం.

ట్రెంట్_నాని
మాస్టారూ ఇది ఒప్పుకుంటా, భయం అనుకుంటే చాలా అర్థమవుతోంది. మా పబ్ ఇద్దరికీ ఇది వినిపిస్తా.

కోడలు గారూ, వచ్చే వసంతంలో ఏథెన్స్ వద్దామనుకుంటున్నా, కరైస్కాకిస్‌లో ఒక మ్యాచ్ చూడాలి. టికెట్ దొరుకుతుందా?

పిరేయస్_కోడలు
పనథినైకోస్, ఏఈకే, పావోక్ మ్యాచ్‌లు కాకపోతే దొరుకుతుంది. 2023లో జరిగిన హింస తర్వాత ఇక్కడ రూల్స్ మారాయి. ఆ డిసెంబర్‌లో వాలీబాల్ మ్యాచ్ దగ్గర ఒక పోలీసు మీద ఫ్లేర్ (మంట చిమ్మే బాణసంచా) విసిరి చంపారు, తర్వాత రెండు నెలలు జనం లేకుండానే మ్యాచ్‌లు ఆడించారు. ఇప్పుడు టికెట్ మీ పేరు మీదే ఫోన్‌లో ఉండాలి, గేటు దగ్గర గుర్తింపు చూస్తారు, ఇంకొకరి టికెట్ మీద వెళ్లలేరు. పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. ఏథెన్స్ నుంచి ఒకటో లైన్ రైలెక్కి ఫాలిరో స్టేషన్‌లో దిగితే ఎదురుగా స్టేడియమే. కాస్త ముందొస్తే మామగారు కాఫీకి తీసుకెళ్తారు, ఫారెస్ట్ జెర్సీ వేసుకుని రండి, ఎరుపు కాబట్టి పర్వాలేదు. ఆకుపచ్చ టీషర్టు మాత్రం సూట్‌కేస్‌లోంచి కూడా తీయకండి.